నూకరత్నం చిట్టి మోటారు బండి

అనగనగా అంటే మరీ రాజులనాటి మాట కాదు తల్లీ. కొండ మీది ఊళ్ళకి బస్సు పొద్దుటొకసారి వచ్చి వెళ్ళిపోతే మళ్ళీ మర్నాడే వచ్చే కాలం. అప్పుడు చింతపల్లికి ఎగువన, కాఫీ తోటల మధ్య, పనసగరువు అని ఒక చిన్న ఊరుండేది. ఆ ఊళ్ళో నూకరత్నం అనే పిల్ల ఉండేది.

నూకరత్నానికి పన్నెండేళ్ళు. వాళ్ళ నాన్న అప్పలనర్సయ్య కాఫీ తోటలో మేస్త్రీ. వాళ్ళమ్మ వరహాలమ్మ. అనకాపల్లి వైపు నుంచి పని కోసం కొండెక్కి వచ్చి, అక్కడే ఉండిపోయారు. నూకరత్నానికి ఒక నేస్తం. దాని పేరు సుక్రి. సుక్రి వాళ్ళు తరతరాలుగా ఆ కొండ వాళ్ళే. ఏ కాలిబాట ఎక్కడికి పోతుందో సుక్రిని అడగాల్సిందే.

వరహాలమ్మకి ఒక తమ్ముడు. పేరు సన్యాసిరావు. ఓడలో పని. విశాఖపట్నంలో ఓడెక్కితే మళ్ళీ ఎన్నాళ్ళకో దిగేవాడు. ఒక మాఘమాసంలో ఆ మేనమామ కొండకొచ్చాడు. బస్సు పైన పెద్ద చెక్కపెట్టె. దాన్ని దింపడానికి ఊరంతా వచ్చింది.

పెట్టె విప్పితే ఏముందనుకున్నావు? ఎర్రటి మోటారు బండి! దూడంత ఉంది, అంతే. సీటేమో పీటంత. టైర్లకి బుడిపెలు. మట్టి చిమ్మినా తగలకుండా మడ్గార్డు పైకెక్కడో ఉంది. దానికి లైటు లేదు, హారను లేదు.

"ఇదేట్రా? లైటు లేని బండెక్కడైనా ఉంటదా?" అంది వరహాలమ్మ.

"ఇది రోడ్డు మీద నడిపేది కాదక్కా. గట్లూ, గుట్టలూ ఎక్కేది. మా ఓడ ఆగిన దేశంలో పిల్లలు దీని మీదే నేర్చుకుంటారు. మన రత్నానికి తెచ్చాను."

"ఆడపిల్లకి మోటారు బండేట్రా! కాలో చెయ్యో ఇరిగితే నువ్వొస్తావా ఓడ దిగి?"

సన్యాసిరావు నవ్వేశాడు. ఆ తర్వాత మేనకోడల్ని కళ్లంలోకి తీసుకెళ్ళాడు. కళ్లమంటే కాఫీ పళ్ళు ఎండబోసే చదునైన చోటు. అక్కడ దానికి మూడు సంగతులు చెప్పాడు.

ఒకటి, ఇది టూ స్ట్రోకు ఇంజను, ఉత్త పెట్రోలు తాగదు, ఇంత ఆయిలు కలిపి పొయ్యాలి, మర్చిపోయావో లోపల పట్టేస్తుంది. రెండు, నీ చూపు ఎటు పోతే బండి అటే పోతుంది, ముందు చక్రాన్ని చూడకు, దూరంగా చూడు. మూడు, పడిపోతున్నప్పుడు హ్యాండిలు పట్టుకుని వేలాడకు, వదిలెయ్. బండి దారి బండిది, నీ దారి నీది.

ఇంకేం, ఆ వారంలోనే ఆయన ఓడ పిలిచింది. వెళ్ళిపోయాడు.

అప్పుడు నూకరత్నం నేర్చుకోవడం మొదలుపెట్టింది. మొదటిసారి క్లచ్చి ఒక్కసారే వదిలేసింది. బండి ఎగిరి గంతేసి పేడకుప్పలో పడింది, వెనకాలే పిల్లా పడింది. రెండోసారి నేరుగా వెళ్ళి మిరియాల తీగ పాకిన చెట్టుని గుద్దింది. మూడోసారి చూపు దూరంగా పెట్టింది. ఎదురుగా మబ్బు తప్ప ఏమీ కనపడలేదట. బండి సాగిపోయింది. సుక్రి వెనకాల పరిగెత్తుతూ ఒకటే కేకలు.

చైత్రం వచ్చేసరికి కొండంతా కాఫీ పూసింది. నువ్వు చూడలేదు గానీ బంగారూ, కాఫీ పూస్తే కొమ్మలు కనపడవు. మల్లెపూల వాసన లాంటి వాసన. ఆ తోటల మధ్య ఈ చిట్టి బండి బుర్రు బుర్రుమని పోయేది. వెనకాల నీలంగా పొగ. పూల వాసన, నూనె కాలిన పొగ వాసన, రెండూ కలిసి ఒక వాసనొచ్చేది. ఇప్పుడెంత వెతికినా ఆ వాసన దొరకదు.

సుక్రి వెనక కూర్చుని దారి చెప్పేది. ఇక్కడ ఊబి ఉంది, ఆ పక్కనుంచి పో. ఇక్కడ ఎలుగు తిరుగుద్ది, బేగి పో. అలా ఆ కొండ మీద కాలిబాటలన్నీ నూకరత్నానికి వచ్చేశాయి.

వరహాలమ్మ మాత్రం ఆ బండిని వసారాలోకి కూడా రానివ్వలేదు. "ఆ దెయ్యాన్ని మేకల పాకలో కట్టెయ్" అనేది. కూతురు ఇంటికొచ్చే దాకా గుమ్మంలోనే నిలబడేది. రాగానే తిట్టేది. తిట్టి అన్నం పెట్టేది.

ఆ తర్వాత వానలొచ్చాయి. కొండ మీద వాన అంటే మన వాన లాంటిది కాదు. పొద్దున్న మొదలైతే ఎప్పుడు ఆగుతుందో ఎవరికీ తెలీదు. అప్పుడే అప్పలనర్సయ్య తోట పని మీద నర్సీపట్నం దిగాడు. ఆయన దిగాక ఘాటు రోడ్డు మీద కొండచరియ జారిపడింది. రోడ్డు మూసుకుపోయింది. ఆయన అటు, వీళ్ళు ఇటు.

అప్పుడు వరహాలమ్మకి జ్వరం వచ్చింది. మన్యం జ్వరం. మొదటిరోజు వణికింది, చెమట పట్టి తగ్గింది. రెండోరోజు మళ్ళీ వణికింది. "కషాయం తాగితే పోద్దిలే" అంది. మూడోరోజు పొద్దున్న నూకరత్నం గంజి తీసుకెళ్తే, "ఎవరమ్మా నువ్వు? మీదే ఊరు?" అని అడిగింది.

నూకరత్నం చేతిలో గిన్నె జారిపోయింది.

పరుగెత్తి సుక్రి వాళ్ళింటికెళ్ళింది. సుక్రి నాన్న లచ్చన్న వచ్చి చూశాడు. ఆయన ముఖం మారిపోయింది. కింద ఊళ్ళో చిన్న ఆస్పత్రి ఉంది, అందులో సత్యవేదమ్మ అని సిస్టరమ్మ ఉంది, సూది మందు ఆవిడ దగ్గరే ఉంది.

"డోలీ కట్టి దింపుదామంటే గెడ్డ పొంగుతోంది. డోలీ దాటదు. సిస్టరమ్మనే ఎక్కించాల. నడిచెళ్ళి నడిచొస్తే పొద్దు గూకిపోద్ది. అంతసేపు..." అని ఆగిపోయాడు లచ్చన్న.

నూకరత్నం మేకల పాక వైపు చూసింది.

"నేను అమ్మ దగ్గరుంటాను. తడిగుడ్డ ఏస్తానుంటాను. నువ్వు ఎల్లే" అంది సుక్రి.

అప్పుడు నూకరత్నం బండి తీసింది. అంతవరకూ ఎప్పుడూ దాన్ని వానలో నడపలేదు. అయినా కిక్కు కొట్టింది.

పోగా పోగా గెడ్డ వచ్చింది, గెడ్డంటే కొండవాగు. గెడ్డ మీద ఒక లావుపాటి మాను అడ్డంగా పడేసి ఉంది, అదే వంతెన. కింద ఎర్రటి నీళ్ళు హోరెత్తుతున్నాయి. జీపు దాటదు, ఎడ్లబండి దాటదు. కానీ ఈ బండి దూడంతే కదా! దిగి, చక్రాలు మాను మీద పెట్టి, తాను పక్కనే అంగుళం అంగుళం జరుపుకుంటూ దాటించేసింది.

ఆ తర్వాత ఎర్రమట్టి దిగుడు వచ్చింది. సబ్బులా ఉంది. బండి ఒకవైపు జారింది, పిల్ల ఒకవైపు జారింది. మోకాలు చెక్కుకుపోయింది. ఏడుపొచ్చింది. కాసేపు ఏడ్చింది కూడా. ఏడుస్తూనే బండి లేపింది. ఈసారి చక్రం వైపు చూడలేదు, దిగుడు చివరున్న సిల్వరోకు చెట్టు వైపు చూసింది. దిగిపోయింది.

ఇంక ఆస్పత్రి పెంకులు కనిపిస్తున్నాయనగా ఇంజను ఆగిపోయింది. కిక్కు కొట్టింది, పలకలేదు. మళ్ళీ కొట్టింది, పలకలేదు. అప్పుడు సీటు కింది పానాతో ప్లగ్గు ఊడదీసి చూస్తే తడి. తుడుద్దామంటే ఒంటి మీద పొడిగుడ్డ లేదు. జడ విప్పి, లోపలెక్కడో తడవని రిబ్బను ముక్క ఉంటే దాంతో తుడిచింది. నోటితో ఊదింది. బిగించింది. "అమ్మా" అనుకుని కొట్టింది కిక్కు. బుర్రుమంది!

సిస్టరమ్మ సత్యవేదమ్మ బండిని చూసి, పిల్లని చూసి, మళ్ళీ బండిని చూసింది.

"దీని మీదా? నేనా? ఇద్దరమా?"

"మా అమ్మ నన్ను గుర్తుపట్టట్లేదండి" అంది నూకరత్నం.

ఆవిడ మందుల పెట్టె ప్లాస్టిక్ గుడ్డలో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని, వెనకాల ఎక్కింది. దారి పొడుగునా "ప్రభువా, ప్రభువా" అంటూనే ఉంది. ఎర్రమట్టి ఎక్కుడు దగ్గర చిట్టి బండి ఇద్దర్ని మొయ్యలేక మూలిగింది. సిస్టరమ్మ దిగి వెనకనుంచి తోసింది. చక్రం చిమ్మిన బురదంతా ఆవిడ తెల్లచీర మీదే! గెడ్డ దగ్గర మాను మీద నడవడానికి ధైర్యం చాలక, గుర్రమెక్కినట్టు కూర్చుని జరుక్కుంటూ దాటింది. దాటాక ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. అంత దిగుల్లోనూ పక్కున నవ్వేశారు.

ఇంటికొచ్చి సిస్టరమ్మ సూది వేసింది. గ్లాసులో ఏదో కలిపి పట్టించింది. పక్కనే కూర్చుంది. సుక్రి పొద్దుటినుంచీ కదలలేదు, తడిగుడ్డ మారుస్తూనే ఉంది.

దీపాలు పెట్టేవేళకి వరహాలమ్మ కళ్ళు తెరిచింది.

"ఓలమ్మా, సిస్టరుగారేటి, ఇంత వానలో? చీరంతా బురదేటి?"

"మీ అమ్మాయి తీసుకొచ్చిందమ్మా, మోటారు మీద" అంది సత్యవేదమ్మ.

వరహాలమ్మ కూతురి వైపు చూసింది. చెక్కుకుపోయిన మోకాలు చూసింది. మెల్లగా చెయ్యి చాపి ఆ మోకాలి మీద పెట్టింది. తిట్టలేదు. "బండి వానలో తడుస్తుందేమో. లోపలెట్టవే" అంది.

నిద్రొస్తోందా తల్లీ? ఇంకొంచెమే.

ఆ తర్వాత వానలు తగ్గాయి, రోడ్డు బాగుపడింది, నాన్న తిరిగొచ్చాడు. ఏళ్ళు గడిచాయి. సుక్రి చదువుకోడానికి పాడేరు హాస్టలుకి వెళ్ళిపోయింది. నూకరత్నం చెట్టులా ఎదిగింది. బండి మాత్రం ఎదగలేదు. కూర్చుంటే మోకాళ్ళు హ్యాండిలుకి తగిలేవి. మలుపు తిప్పబోతే తిరిగేది కాదు.

పిల్లలు నేర్చుకునే బండి కదా, పిల్లలు పెద్దవాళ్ళైపోతే అదేం చేస్తుంది పాపం!

ఒకరోజు నూకరత్నం దాన్ని శుభ్రంగా కడిగింది. తుడిచింది. గోనెపట్టా తెచ్చింది, చుట్టేసి అటక మీద పెట్టేద్దామని. పట్టా చేతిలో పట్టుకుని అలా నిలబడిపోయింది. కళ్ళలో నీళ్ళు.

వరహాలమ్మ వసారాలోంచి చూసింది. ఆమె పొట్టి మనిషి, కూతురి భుజం దాకానే వచ్చేది. చేతులు తుడుచుకుంటూ వచ్చింది. బండి చుట్టూ ఒకసారి తిరిగింది.

"ఏటే, ఇది నాకు సరిపోద్దేటే?"

నూకరత్నం చేతిలో పట్టా కింద పడింది.

"నీకా అమ్మా?"

"ఏం? మీ నాన్నకి రోజూ కేరేజీ పట్టుకుని ఆ గుట్టెక్కలేక సత్తున్నాను. నేర్పుతావా, నేర్పవా?"

అప్పుడు కూతురు అమ్మకి నేర్పింది. చీర కొంగు బొడ్లో దోపించింది. క్లచ్చి మెల్లగా వదలమంది. వరహాలమ్మ మొదటిసారి గడ్డివాములోకి వెళ్ళింది. రెండోసారి పక్కింటివాళ్ళ మేకల్ని చెదరగొట్టింది. మూడోసారి ఆగమన్నా ఆగలేదు! కళ్లం దాటింది, మలుపు దాటింది, తోటలోకి వెళ్ళిపోయింది.

"అమ్మా! మెల్లగా! గట్టు మీద జాగ్రత్త!" అని నూకరత్నం అరుస్తూనే ఉంది. తోటలో పనిచేసేవాళ్ళందరూ బుట్టలు దింపి చూశారు. అప్పలనర్సయ్య నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు.

నూకరత్నం గుమ్మంలో నిలబడింది. బుర్రుమనే చప్పుడు దూరమైంది, గుట్ట వెనక మాయమైంది. అమ్మ ఏమైందో, పడిందో ఏమో! కాసేపటికి నీలం పొగ చెట్ల మీంచి లేచింది. ఆ పొగ కింద ఎర్రబండి. బండి మీద వాళ్ళమ్మ, జుట్టు ముడి ఊడిపోయి, పదేళ్ళ పిల్లలా పకపకా నవ్వుకుంటూ.

నూకరత్నం పరుగున ఎదురెళ్ళి తిట్టింది. తిట్టి, గట్టిగా కావిలించుకుంది.

బుర్రు బుర్రు బండి వెళ్ళె,
పూలతోట దాటి వెళ్ళె.
కథేమో కంచి బాట పట్టె,
మా పాప కంట కునుకు పట్టె.