గురవాచారి చెక్కిన రెండు ఆటలు

మంత్రికి తన వామనగుంటల పీట గొప్ప, దళవాయికి తన పులిజూదం పలక గొప్ప. ఆ రెండూ చెక్కింది వడ్రంగి గురవాచారే. కీచులాట భరించలేక రాజు అతన్ని పిలిపించి, "ఏది తక్కువదో చెప్పు, పొయ్యిలో పెట్టిస్తాను" అన్నాడు.

గురవాచారి తొణకలేదు. "ముందు ఎదుటి ఆటలో లోపమేమిటో వారినే చెప్పమనండి ప్రభూ."

"చింతగింజలు పంచీ పంచీ వేలికొసలు కాయలు కాస్తాయి" అన్నాడు దళవాయి.

"మేకలతో మూడు పులుల్నీ కట్టేసేసరికి అన్నం చల్లారిపోతుంది" అన్నాడు మంత్రి.

"దళవాయిగారి వేళ్ళు చూడండి ప్రభూ. మంత్రిగారి ఇల్లాలిని అన్నం సంగతి అడగండి. నచ్చని ఆటను అంతసేపు ఎవరాడతారు?" అన్నాడు గురవాచారి.

దళవాయి చెయ్యి వెనక్కి దాచుకున్నాడు. రాజు కడుపుబ్బా నవ్వి, పీట దళవాయికీ పలక మంత్రికీ ఇప్పించాడు. ఇద్దరిలో ఒక్కరూ వద్దనలేదు.