మారు వడ్డన

పరదేశిదాసు గారు విస్తరి ముందు కూర్చుంటే మారు వడ్డన ఎరగరు. ముందు ఆకుకూర, తరవాత కాస్త అన్నం, తీపి ఉంటే ఒక్కటి. అంతటితో విస్తరి మీద చెయ్యి అడ్డుపెట్టి "అన్నదాతా సుఖీభవ" అనేస్తారు. డెబ్బై ఆరేళ్ళ వయసులోనూ ఆయన గజ్జె కట్టి హరికథకు నిలబడితే, వెనక వరసలో కునికేవాళ్ళు కూడా లేచి కూర్చోవాల్సిందే.

ఆయన శిష్యుడు గవరయ్య గొంతులో గురువుగారంతటి వాడు, భోజనంలో ముగ్గురు గురువులంతటి వాడు. ఊరూరా కథ చెప్పడం, కథ కాగానే ఊరివారు పెట్టే విందు కాదనకుండా తినడం, ఇరవై ఐదేళ్ళుగా ఇదే వరస. నలభై తొమ్మిది నిండకుండానే షుగరు పట్టుకుంది. మొన్న మాఘంలో ఒక ఊళ్ళో కథ నడుస్తుండగా వేదిక చెక్కకున్న మేకు కాల్లో దిగింది. చెక్కల మీద నెత్తుటి అడుగులు పడుతుంటే జనం చూసి కేకలేశారే గాని, షుగరుతో పాదాలు మొద్దుబారిన గవరయ్యకు తెలియనే లేదు. ఆ పుండు ఎడమ బొటనవేలి కింద అలాగే ఉండిపోయింది. "మాత్రలొక్కటే చాలవు. తిండి మారకపోతే వేలు దక్కదు" అన్నాడు డాక్టరు. వేలు పోతే గజ్జె పోయినట్టే. గజ్జె పోయాక తానెవరో గవరయ్య ఊహించుకోలేకపోయాడు. అంత భయం పుట్టింది అతనికి.

చైత్రంలో గురుశిష్యులిద్దరూ ఒక ఊరికి మూడు రోజుల కథకు వెళ్ళారు. అప్పయమ్మ అనే పెద్దావిడ ఒంటరిగా ఉంటుందక్కడ. కథకుల భోజనం తన ఇంట్లో తప్ప మరో ఇంట్లో జరగనివ్వదు. మొదటిరోజు పొద్దుటి కథ ముగించి, ఆవిడ పెరట్లో కాళ్ళు కడుక్కుంటూ గవరయ్య అడిగాడు.

"గురువుగారూ, ఇంటి దగ్గర నోరు కట్టుకోగలుగుతున్నాను. ఊళ్ళలోనే ఓడిపోతున్నాను. అంత ప్రేమగా పెట్టే చేతిని వద్దనడం కృతఘ్నత కాదా?"

దాసుగారు పంచె కొంగుతో కాళ్ళు తుడుచుకుని "ఆకలేస్తోంది, పద" అన్నారు.

పనసపొట్టు కూర, పప్పు, తోటకూర, పులిహోర, నెయ్యి నింపిన బూరెలు. అప్పయమ్మ గరిటె పట్టుకుని వంగి, "మారు బాబూ, మారు!" అంటూ వెంటపడింది. గురువుగారి చెయ్యి ఎప్పటిలాగే అడ్డం వెళ్ళింది. గవరయ్య చెయ్యి సగం దూరం వెళ్ళి, మొహమాటపడి వెనక్కి వచ్చేసింది. పులిహోర మూడు మార్లు, బూరెలు ఆరు. తోటకూర మాత్రం విస్తరి అంచున వేసింది వేసినట్టే ఉండిపోయింది.

చేతులు కడుక్కున్నాక దాసుగారు, "నా చెంబు లోపల మరిచిపోయాను, తెచ్చిపెట్టు" అన్నారు. ఆయన ఏదైనా మరిచిపోవడం గవరయ్య అంతవరకు చూడలేదు.

వంటింటి గుమ్మం దగ్గర అతని కాళ్ళు ఆగిపోయాయి. అప్పయమ్మ నేల మీద కూర్చుని, గిన్నె అడుగున మిగిలిన అన్నంలో మజ్జిగ పోసుకుని, ఆవకాయ బద్దతో తింటోంది. బూరెల గిన్నె బోర్లించి ఉంది. పులిహోర పళ్ళెంలో రెండు కరివేపాకు రెబ్బలున్నాయి.

"అమ్మా, మీకు బూరెలు?"

"మీరు తిన్నారు గదా బాబూ, నా కడుపు నిండిపోనాది" అందామె, నిజంగానే సంతోషంగా.

గవరయ్య చెంబు తెచ్చి ఇచ్చాడు. తాను ఇన్నాళ్ళు ఎన్ని ఊళ్ళలో ఎంతమంది తల్లుల వంతు తినేశాడో లెక్క తేలక, ఆ పగలు అతనికి కునుకు పట్టలేదు. పెట్టిన చేతిని గౌరవిస్తున్నానని మురిసిపోయాడే గాని, ఆ చెయ్యి తరవాత ఏం తింటుందో ఒక్కసారీ చూడలేదు.

మర్నాడు విస్తరి వెయ్యగానే గవరయ్య తోటకూర ముందు తిన్నాడు. అన్నం ఒక్కమారే పెట్టించుకున్నాడు, అదీ కొంచెం. బూరె వద్దన్నాడు. అప్పయమ్మ మొహం చిన్నబోయింది. "ఏటి బాబూ, నా వంట బాగోలేదా?"

"బాగుంది కాబట్టే అడుగుతున్నాను. మీరు కూర్చోండమ్మా. ఇవాళ వడ్డన నాది."

ఆమె సిగ్గుపడింది, తిట్టింది, పైట సర్దుకుంది, చివరికి కూర్చుంది. గవరయ్య వంగి విస్తరి వేసి, తోటకూర, పప్పు, పులిహోర, రెండు బూరెలు వడ్డించాడు. "తల్లీ, మీలాంటి అమ్మల చేతి అన్నం తిని పాతికేళ్ళు కథ చెప్పాను. ఇది ఒక్క పూట" అన్నాడు. వేడి బూరె తుంచుకుంటూ, "నానొండిన బూరి ఏడిగా తిని ఎన్నాళ్ళయిందో" అని నవ్విందావిడ.

అప్పటినుంచి గవరయ్యది ప్రతి ఊళ్ళోనూ అదే పద్ధతి: ఒకే వడ్డన, వండినమ్మకు పక్కనే విస్తరి. మాత్రలు మానలేదు, పొద్దున్నే చోళ్ళతో, అంటే రాగులతో కాచిన అంబలి తాగడమూ మానలేదు. మొదట్లో నాలుక గోల పెట్టింది, ఆనక దానికీ అలవాటైంది. కార్తీకానికి పుండు మానింది, వేలు నిలిచింది. మళ్ళీ చైత్రం వచ్చి, అదే ఊరి వేదిక పక్కన గజ్జె బిగిస్తుంటే తాడు కాలికి ఒరుసుకుని చురుక్కుమంది. ఏడాదిగా తెలియని నొప్పి అది. గవరయ్య కళ్ళనీళ్ళతో వచ్చి దాసుగారి పాదాలు పట్టుకున్నాడు.

"నన్ను మార్చింది మీరే గురువుగారూ. మీ రుణం తీర్చుకోలేను."

దాసుగారు అతణ్ణి లేవదీసి, ఎదర జనంలో ముందు వరసలో కూర్చున్న అప్పయమ్మను చూపించారు.

"నేను చెంబు మరిచిపోయానంతే. మొదటిరోజే గరిటె పట్టుకుని, నీ ముందు వంగి, 'మారు బాబూ, మారు' అని చెప్పింది ఆ తల్లి కాదూ?"