జానెడు ఖాళీలో వెలసిన నేటమ్మ

నల్లమల అంచున ఉలిపాడు దగ్గర బస్సు దిగి, రెండు వందల పది మెట్లెక్కితే నేటమ్మ తల్లి సన్నిధి వస్తుంది. గోపురం లేదు, మండపం లేదు. నిలువెత్తు నల్లరాయి ఒకటి, దాని మీద పైనుంచి కింది దాకా వేలకొద్దీ ఉలిగాట్లు. పైన ఉన్నవి వంకరటింకరగా, కిందికి వచ్చేకొద్దీ తిన్నగా కనిపిస్తాయి. పైభాగాన ఒక్కచోట మాత్రం జానెడు మేర గాటన్నది లేదు. పసుపు పూసి, వెండి కళ్లు పెట్టి పూజించేది ఆ నున్నటి చోటునే. ఇంత గొప్ప రూపాన్ని చెక్కిన శిల్పి ఎవరని యాత్రికులు అడుగుతుంటారు. శిల్పి ఎవరూ లేరు. ఈ గాట్లు పెట్టినవాడు రోళ్లు కొట్టుకు బతికిన ఒక తాగుబోతు.

పూర్వం ఇక్కడ ఊరు లేదు, రాళ్లు కొట్టేవారి గుడిసెలు పది ఉండేవి. వారిలో ఎలమంద పనితనం చుట్టుపక్కల పేరు పొందింది. అతడు ఇప్పసారాకు అలవాటు పడ్డాడు. ఎందుకు మొదలుపెట్టాడో పెద్దలు చెప్పలేదు. మొదలుపెట్టాక కారణాలకు కరువు లేదు. శ్రీశైలంలో ఒకసారి, అహోబిలంలో ఒకసారి, జన్మలో ముట్టనని మొక్కుకున్నాడు. ఒక్క మొక్కూ వారం నిలవలేదు. అతడు దొంగ కాదు. మొక్కిన ప్రతిసారీ నిజంగానే మొక్కాడు.

భార్య పేరమ్మ కష్టం మరొక రకం. రోలు కోసం వచ్చినవారికి మొగుడికి జ్వరమని చెప్పేది. అతడు తినేదాకా తాను తినేది కాదు. అతడు తినని రోజులే ఎక్కువ కాబట్టి ఆమె ఎండి పుల్లయిపోయింది.

ఒకనాటి ఉదయం ఎలమంద సుత్తి ఎత్తితే చెయ్యి వణికి, దెబ్బ సొంత బొటనవేలి మీద పడింది. ఉలి అక్కడే పారేసి, కొండ మీది నుంచి దూకి చచ్చిపోతానని నడిచాడు. పేరమ్మ ఆ ఉలినీ సుత్తినీ కొంగున కట్టుకుని వెంటపడింది. మిట్టమధ్యాహ్నానికి ఈ నల్లరాయి దగ్గర అతడు వణుకుతూ కూలబడ్డాడు. అతడి పంచె చెంగు చేతికి చుట్టుకుని, ఆకలికీ అలసటకూ ఆమె కునుకు తీసింది.

ఆ కునుకులో ఒక స్త్రీ ముంత పట్టుకుని వచ్చింది. ముఖం కనబడలేదు. ఎలమంద వైపు పోకుండా నేరుగా పేరమ్మ ముందు కూర్చుని, “నువ్వు తిన్నావా అమ్మా?” అని అడిగింది.

ఆ మాట తనను ఎవరూ అడగక ఎన్నేళ్లయిందో పేరమ్మకు గుర్తు లేదు. వెక్కి వెక్కి ఏడ్చింది. తేరుకుని, తన మొగుడు జన్మలో తాగకుండా చూడమని వేడుకుంది.

“జన్మంతా వాడి చేతిలో లేదు. ఈ పొద్దు ఉంది. ఈ పొద్దుకు తాగకుంటే రాతి మీద ఒక గాటు పెట్టమను. రేపటి సంగతికి రేపు రమ్మను” అని ఆ తల్లి పలికింది.

కళ్లు తెరిచేసరికి పక్కన జొన్న అంబలి ముంత ఉంది. ఇంకా వెచ్చగానే ఉంది. పేరమ్మ దండం పెట్టి, పెళ్లయ్యాక మొదటిసారి మొగుడికన్నా ముందు తాను తాగింది. మిగిలింది అతడికి తాగించింది. ఆ సాయంత్రం అతడు మొదటి గాటు పెట్టాడు. అది వంకరగా వచ్చింది. ఈ పొద్దుకు మొగుడి కోసం అబద్ధమాడనని ఆమె తన మొక్కు తాను మొక్కుకుంది.

అలా నాలుగు నెలలు గడిచాయి. ఇక తాను గెలిచానని ఎలమందకు ధీమా వచ్చింది. కొండెక్కడం మానేసి, పదిమంది ముందు మళ్లీ జన్మంతటికీ ఒట్టు పెట్టుకున్నాడు. ఆ రోజే తాగాడు. తొమ్మిది రోజులు తాగుతూనే ఉన్నాడు. పేరమ్మ ఈసారి జ్వరమని చెప్పలేదు. తాగి పడుకున్నాడనే చెప్పింది. రోజూ ఒంటరిగా కొండెక్కి, ఆ రాతి ముందు తన అంబలి తాను తాగి దిగింది.

పదో రోజు అతడే పైకి వచ్చాడు. ఈ గాట్లన్నీ అబద్ధాలేనంటూ, వాటిని చెక్కి పారేయడానికి ఉలి ఎత్తాడు. పేరమ్మ అరచెయ్యి అడ్డం పెట్టింది.

“ఆ పొద్దుల్లో నువ్వు తాగలేదు. అయ్యి నిజం. వాటిని చెరపనియ్యను” అన్నది.

ఎలమంద ఉలి దించాడు. పాత గాట్ల పక్కన కొత్తది పెట్టడానికి మాత్రం సిగ్గుపడి, జానెడు వదిలి కింద మొదలుపెట్టాడు.

ఏళ్లు గడిచి ఆఖరి గాటు నేలను తాకిన రోజున ఇద్దరూ వెనక్కి జరిగి చూశారు. పైగాట్లు దువ్విన జుట్టులా, కిందివి చీర కుచ్చెళ్లలా ఉన్నాయి. మధ్యన వదిలిన జానెడు ఖాళీలో, ఉలి తగలని రాతిలో, ఒక ముఖం వారినే చూస్తోంది. కలలో కనబడని ముఖం అదేనని పేరమ్మకు తెలిసింది. ఎలమంద సాష్టాంగపడి, “నేను రాని తొమ్మిది దినాలూ ఈ తల్లి నన్నే చూస్తా ఉండింది” అని ఏడ్చాడు.

నేటికీ ఇక్కడ జన్మంతటి మొక్కులు స్వీకరించరు. “ఏ పొద్దుకు?” అని పూజారి అడుగుతారు. “ఈ పొద్దుకే” అని చెప్పి, పలకరాతి మీద పసుపుతో ఒక గీత గీయాలి. మొక్కు తప్పి తిరిగి వచ్చినవారిని వరుసలో ముందు నిలబెడతారు. అమ్మ ముఖాన పసుపు పూసే భాగ్యం వారిదే. వణుకు, కలవరింతలు ఉన్నవారిని మాత్రం మెట్ల కింద వైద్యశాలకు పంపుతారు. నేటమ్మకు డాక్టరుతో పోటీ లేదు, మందులు మానమని ఆమె ఎవరికీ కలలో చెప్పలేదు. అంబలి ప్రసాదం మొదట వెంట వచ్చినవారికి ఇస్తారు. ముంత చేతికిచ్చేవారు “మీరు తిన్నారా?” అని తప్పక అడుగుతారు. చాలామంది అక్కడే ఏడుస్తారు.

ఈ చిన్న పుస్తకం రాసిన నేను ఎన్నేళ్లుగా ఈ కొండెక్కుతున్నానని భక్తులు అడుగుతుంటారు. ఇక్కడ ఏళ్లు చెప్పుకోరు. ఈ ఉదయం నా గీత నేను గీశాను. నా భార్య తన అంబలి తాగి, మెట్ల మీద నా కోసం కూర్చుని ఉంది. చదివిన మీకూ, మీ వెంట వచ్చినవారికీ ఈ పొద్దు చల్లగా గడచుగాక.