రెండోవైపు మీట

అవధాని గారిని ప్రశ్న అడగడం తేలికే, జవాబు పుచ్చుకోవడమే కష్టం. తుపాకుల రూపకల్పనలో తలపండిన మనిషి. మాబోటి ఇంజనీర్లెవరైనా సందేహమంటూ వెళితే నోటితో ఏమీ చెప్పేవారు కాదు. "పద" అని లేచేవారు. ఎక్కడికి తీసుకెళ్తారో, ఏం చేయిస్తారో ఆ దేవుడికే ఎరుక.

మా బృందం అప్పట్లో ఒక పొట్టి కార్బైన్ తయారుచేస్తోంది. బండ్లలో వెళ్లే సిపాయిల కోసమన్నమాట. మామూలు రైఫిలైతే ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ తలుపుకు తగులుకుంటుంది. అందుకే బారెల్ కురచ చేశాం, భుజానికి ఆనించే బట్ మడతపడేలా పెట్టాం, బరువు తగ్గించడానికి నానా తంటాలూ పడ్డాం. ఇక నమూనా ఖాయం చేసి సైన్యంవారి పరీక్షకు పంపడమే తరువాయి. గడువు తప్పిందా, పోటీలో ఉన్న మరో బృందం తుపాకీయే తీసుకుంటారు. మా రెండేళ్ల చాకిరీ గంగలో కలిసినట్టే.

సరిగ్గా అప్పుడు అవధాని గురువుగారు, తుపాకీ పొరపాటున పేలకుండా ఆపే సేఫ్టీ మీట ఎడమవైపు ఒక్కటే ఉంది, కుడివైపు కూడా పెట్టండి అన్నారు. ఆ భాగం గీసింది కృపానందం. మహా మొండిఘటం. తిన్నగా వెళ్లి అడిగేశాడు.

"గురువుగారూ, కుడిచేత్తో పట్టుకుంటే మీట బొటనవేలికి అందుతోంది కదా. ఎడమచేతివాటం వాళ్లు ఎక్కడో ఒకరుంటారు. ఆ ఒక్కరి కోసం మళ్లీ మొదట్నుంచి గీస్తూ కూర్చుని, గడువు తప్పి, ఇంతమంది కష్టం నీళ్లపాలు చేసుకోమంటారా?"

"పద" అన్నారాయన.

కొలతలు చూసుకోవడానికి తెప్పించిన సైనిక బండి ఒకటి షెడ్డులో ఉండేది. గురువుగారు కృపానందానికి బుల్లెట్‌ప్రూఫ్ కోటు తొడిగించి, గ్లవుజులు వేయించి, గుళ్లు లేని నమూనా తుపాకీ ఇచ్చి, తలుపు పక్కన కూర్చోబెట్టారు. నన్నూ ఇంకో ఇద్దర్నీ వాడి వెనక ఎక్కమన్నారు. ఆపైన తన భుజం మీది తువ్వాలు తీసి, వాడి కుడిచేతిని నడుముకు బిగించి కట్టేశారు.

"ఆ చేతికి గుండు తగిలింది. సేఫ్టీ తీసి దిగు. నువ్వు దిగితేగాని వెనకవాళ్లు దిగలేరు."

వాడు నవ్వుతూనే మొదలుపెట్టాడు. ఎడమచేత్తో పిడి పట్టుకుంటే బొటనవేలు కుడివైపున పడింది, మీటేమో అవతలివైపుంది. చూపుడువేలు చాపి నొక్కబోతే గ్లవుజు జారింది. తుపాకీని మోకాళ్ల మధ్య ఇరికించుకుని, పిడి వదిలి, ఎలాగో మీట తిప్పాడు. తిప్పీ తిప్పగానే తుపాకీ జారి మెట్టు మీద పడింది.

"ఒరేయ్, దిగరా బాబూ! ఊపిరాడట్లేదు" అని వెనకనుంచి నేనే అరిచాను. అంతా ఉత్తుత్తిదే అని తెలుసు, అయినా నిజంగా భయమేసింది.

"మళ్లీ" అన్నారు గురువుగారు.

వాడూ వదల్లేదు. తొడకేసి రుద్దాడు, పళ్లతో లాగాడు, బండి అంచుకు ఆనించి నొక్కాడు. చెమటతో కోటు తడిసి ముద్దయింది. గురువుగారు టీ తెప్పించుకుని తాగుతూ కూర్చున్నారు తప్ప ఒక్క మాట సాయం చేస్తే ఒట్టు. చివరికి కృపానందం తుపాకీ ఒళ్లో పెట్టుకుని, వెనక్కి తిరిగి మా ముగ్గురి ముఖాలూ చూశాడు. వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"రెండోవైపూ మీట పెడతాను గురువుగారూ" అన్నాడు. "గడువు తప్పితే తప్పనీండి, దీన్ని ఇలా మాత్రం పంపను." అంతలోనే గొంతు తగ్గించాడు. "కానీ మన సంస్థ డైరెక్టరుగారు ఊరుకోరు. ఎడమచేతివాటం వాళ్లు ఎందరున్నారయ్యా అంటారు. ఆయనకేమని చెప్పను?"

గురువుగారు కట్టు విప్పారు. తువ్వాలు దులిపి, వాడి చేతిలోనే పెట్టారు.

"ఏమీ చెప్పకు. ఆయన్ని బండెక్కించు."