గుట్ట మీది మాచిపత్రి

మధ్యధరా సముద్రం ఒడ్డున, రాళ్లగుట్ట మీది సూఫీ ఆశ్రమంలో తమీమ్ అనే శిష్యుడికి ఆ ఏడు నిద్ర కరువైంది.

గుట్ట కింది పల్లెలో పిల్లల కడుపుల్లో ఏలికపాములు పడ్డాయి. కాళ్లూ చేతులూ పుల్లల్లా అయిపోయేవి, పొట్టలు మాత్రం కుండల్లా ఉబ్బేవి. గురువు షేక్ ఇద్రీస్ గారికి తెలిసిన మందులేవీ వాటిని కదిలించలేకపోయాయి. సఫూరా అనే వితంతువు అప్పటికే కొడుకును మట్టిలో పెట్టి వచ్చింది. ఇప్పుడు కూతురి వంతు.

తమీమ్ గుట్టంతా గాలించాడు. రాళ్ల సందున మొలిచిన ప్రతి ఆకునూ తెచ్చి నూరి, నీళ్లలో కలిపి, పిల్లలకు పడిన పురుగుల్ని అందులో వేసి చూసేవాడు. అవి హాయిగా ఈదేవి. నీళ్లకు ఆకులో సారం దిగడం లేదేమోనని, ఈసారి అడవి మాచిపత్రిని, ద్రాక్షరసం పులియబెట్టి చేసిన ఘాటైన సిర్కాలో నానబెట్టాడు. పురుగులు మెలికలు తిరిగి చచ్చాయి!

ఉన్నపళంగా పల్లెకు పరుగెత్తాడు. "అమ్మా సఫూరా, మందు దొరికింది. రేపు బిడ్డను తీసుకురా!"

తిరిగొచ్చేసరికి తోటి శిష్యులు వేళాకోళం మొదలుపెట్టారు. "హకీం గారొచ్చారు, దారివ్వండయ్యా!" తమీమ్‌కి కోపం రాలేదు. లోలోపల మురిసిపోయాడు.

తెల్లారేసరికి సఫూరా బిడ్డను భుజాన వేసుకుని ఆశ్రమం గడప బయట కూర్చుని ఉంది.

తమీమ్ చెప్పిందంతా గురువుగారు విన్నారు. మెచ్చుకోలేదు, కాదనలేదు. రెండు గిన్నెలు తెప్పించారు. ఒకదాంట్లో తమీమ్ చేసిన రసం పోశారు. రెండోదాంట్లో వంటింటి జాడీలోంచి వట్టి సిర్కా వంచారు. ఒక్కోదాంట్లో ఒక్కో పురుగును వదిలారు.

ఇద్దరూ చూస్తూ కూర్చున్నారు. బయట పిల్ల సన్నగా మూలుగుతోంది.

మొదటి గిన్నెలో పురుగు చచ్చింది. ఆ వెంటనే రెండోదీ అలాగే చచ్చింది.

"ఆకు లేకుండానే..." తమీమ్ రెండో గిన్నెను దగ్గరికి లాక్కున్నాడు. "పోనీ, ఆ సిర్కానే తాగిద్దామా గురువుగారూ?"

"పల్లెవాళ్లు రోజూ కూరల్లో పోసుకుంటూనే ఉన్నారుగా నాయనా, పురుగులు పోయాయా?"

తమీమ్ తల వంచుకున్నాడు. "ఆమెకు మాటిచ్చేశాను."

"విన్నాను."

"మీరు చెప్పండి. మీ నోటితో చెబితే తట్టుకుంటుంది."

"ఆశ పెట్టింది నువ్వు."

తమీమ్ లేచాడు. గది దాటబోతుంటే వెనకనుంచి పిలుపు వినిపించింది.

"తమీమ్! చెప్పేసి వెంటనే వచ్చేయకు."

సఫూరా మొదట అతని ఖాళీ చేతులకేసి చూసింది. తరవాత మొహంలోకి చూసింది. అతను చెప్పాడు. ఆమె తిట్టలేదు, ఏడవలేదు. "నాకు తెలుసులే అయ్యా" అంది, అతన్నే ఓదారుస్తున్నట్టు.

తమీమ్ లోపలికి పోలేదు. ఆమె పక్కనే, గడప కింద నేల మీద చతికిలబడ్డాడు.

ఎండ పైకొచ్చింది. చేతులు తిమ్మిరెక్కి సఫూరా బిడ్డను అతని ఒళ్లోకి మార్చింది.

బిడ్డ బరువే లేదు.