చీమల కోట గుమ్మంలో రాజుగారి పాదం

వెనకటికి నల్లకోన రాజ్యాన్ని గజకేసరి అనే రాజు ఏలేవాడు. మంచివాడే గాని, గొప్పలు మొదలుపెడితే ఆపడం ఎవరి తరమూ కాదు. ఆయన కొలువులో మాచన అనే విదూషకుడు ఉండేవాడు.

ఒకనాటి సాయంత్రం రాజు ఉద్యానవనంలో కొలువు తీరి, "నా అనుమతి లేకుండా ఈ కోటలో ఎవడూ అడుగు పెట్టలేడు!" అంటూ మీసం దువ్వాడు. అంతలోనే "అబ్బా!" అని ఎగిరి గంతేశాడు. పాదాన్ని గండుచీమ కుట్టింది.

సభ అంతా తల వంచుకుంది. మాచన మాత్రం ఆపుకోలేక ఫక్కున నవ్వాడు.

రాజు ముఖం కందగడ్డ అయింది. "నవ్వుతావా? రేపు ఈపాటికి ఆ చీమను పట్టి నా ముందు నిలబెట్టు. లేదా పెళ్లాంతో సహా రాజ్యం విడిచిపో!"

ఆ రాత్రి మాచనకు ముద్ద దిగలేదు. "ఆ నవ్వేదో ఇంటికొచ్చి నవ్వకూడదూ? నెలలు నిండినదాన్ని, నన్ను తీసుకుని ఎక్కడికని పోతావయ్యా?" అంటూ భార్య మల్లాంబ కళ్లొత్తుకుని మూట కట్టసాగింది.

తెల్లవారగానే మాచన తోటకు వెళ్లి, రాజుగారి ఆసనం ముందు చతికిలబడ్డాడు. పచ్చికలో చిన్న బెజ్జం. లోపలినుంచి తోడిపోసిన మెత్తటి మన్ను చుట్టూ గట్టు కట్టింది. చీమలు బారులు తీరి నూకలు మోసుకుపోతున్నాయి. పుల్లతో కదిపాడో లేదో, గుమ్మం దగ్గరి గండుచీమలు చేతిమీదికి ఉరికాయి. మిగిలినవి తెల్లటి గుడ్లను నోట కరుచుకుని లోపలికి పరుగెత్తాయి. మాచన చెయ్యి విదిలించుకుంటూనే చిన్నగా నవ్వుకున్నాడు.

సాయంత్రం చేతులు కట్టుకుని రాజు ముందు నిలిచాడు. "ప్రభూ, నేరస్థుడి ఆచూకీ దొరికింది. కాని కోటలో దూరాడు. అక్కడి రాణి తన భటుణ్ణి అప్పగించనంటోంది."

"ఎక్కడా కోట? ఇప్పుడే నేలమట్టం చేయిస్తాను!"

"తమ పాదాల కిందే, ప్రభూ."

రాజు ఉలిక్కిపడి కాళ్లు పైకి లాక్కున్నాడు.

"నిన్న తమరు ఆ కోట గుమ్మం మీద కాలు మోపారు. లోపల పసిగుడ్లున్నాయి. అనుమతి లేకుండా అడుగుపెడితే వాళ్లూ ఊరుకోరట. మరి మన కోట గుమ్మంలో ఇంతపని చేసిన కావలివాడికి తమరైతే ఏ శిక్ష వేస్తారు?"

రాజు కిందికి వంగి ఆ బెజ్జాన్ని చాలాసేపు చూశాడు.

"శిక్షా? వీరకంకణం తొడుగుతాను!" అంటూ రాజు ఒక్కసారిగా పగలబడి నవ్వాడు. తన చేతి కంకణం తీసి మాచన చేతికి తొడిగాడు. "ఆ భటుడికి ఇది వదులవుతుంది. వాడి తరఫున నువ్వే ఉంచుకో. ఎవరక్కడ? నా ఆసనం పక్కకు జరపండి!"

మాచన ఇంటికి పరుగు తీశాడు. మల్లాంబ మూట విప్పి వంటగిన్నెలు మళ్లీ పొయ్యి దగ్గర పెట్టుకుంది. ఆ పూట అతను మూడోసారి కూడా మారువడ్డించుకుని తిన్నాడు.