గుమ్మడివలస పచ్చదీపం

తెలివిలో తమని మించినవాళ్ళు లేరని గుమ్మడివలస వాళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు, వాళ్ళకే తెలుసు. అందులోనూ సర్పంచి పోలినాయుడికీ, ఆయన భార్య పైడితల్లికీ మరీ బాగా తెలుసు.

ఊరికీ బడికీ మధ్య పెద్దరోడ్డు. లారీలు ఆగవు, పిల్లలు దాటలేరు. మొదటి పాఠం రోజూ రోడ్డు పక్కనే గడిచిపోయేది. పాపం, బడికి పోతామని ఏడ్చే పిల్లలు లోకంలో ఆ ఒక్క ఊళ్ళోనే ఉండేవారు.

ఒకరోజు రోడ్ల ఆఫీసు నుంచి విమలగారనే అధికారి వచ్చారు. "బళ్ళని తనంతట తానే చూసుకుని ఆపే తెలివైన సిగ్నల్ ఉంది. ప్రభుత్వం డబ్బిస్తుంది. కానీ పని పద్ధతిగా జరగాలి. ముందు రోడ్డు వాడేవాళ్ళందరినీ అడగండి. తరవాత అవసరం చూపించండి. సోమవారం వస్తాను" అన్నారు.

"తెలివైన సిగ్నలైతే మనూరికే రావాల" అంది పైడితల్లి.

అంతే, ఊరంతా పనిలో పడింది. ఆ రోడ్డు అందరికంటే ఎక్కువ వాడేది గేదెలు. పోలినాయుడు ఒక్కోదాని ముందూ చేతులు కట్టుకుని నిలబడి, "సిగ్నల్ కావాలేటమ్మా?" అని అడిగాడు. ఒకటి తల అడ్డంగా ఊపింది. పైడితల్లి దాని పక్కన కూర్చుని మధ్యాహ్నం దాకా నచ్చజెప్పింది.

ఇక అవసరం చూపించాలి. సోమవారం లారీలు తక్కువొస్తే పరువేం కాను? ఊళ్ళో బళ్ళూ, ట్రాక్టర్లూ, గేదెలూ అన్నీ రోడ్డెక్కించారు. ఇంకేముంది, అటు లారీలు అటే, ఇటు లారీలు ఇటే. విమలగారి జీపు ఎక్కడో చిక్కుకుపోయింది. ఆవిడ చెప్పులు చేత పట్టుకుని పొలంగట్ల మీద నడిచొచ్చారు.

"అవసరం కనపడిందేటండి మేడంగారూ?" అన్నాడు పోలినాయుడు.

"నా కాళ్ళకి కూడా కనపడింది" అన్నారావిడ. ఆగిన లారీల మధ్య నుంచి పిల్లలు గెంతుకుంటూ వేళకి బడికి పోతున్నారు. అది చూసి ఆవిడ కోపం కాస్తా పోయింది. "సిగ్నల్ పంపిస్తాం. ఎండకీ వానకీ పాడవకుండా చూసుకోవాలి. పిల్లలు దెబ్బ తగలకుండా దాటుతున్నారని నాకు చూపించాలి. లేకపోతే వెనక్కి తీసుకుపోతాం."

సిగ్నల్ వచ్చింది. రోడ్డు మీద పెడితే ఎండ, వాన, పైగా లారీలు గుద్దేస్తాయి. అంతే, బిగించేవాళ్ళకి జున్ను పెట్టి ఒప్పించి, పంచాయతీ ఆఫీసు గదిలో నిలబెట్టించింది పైడితల్లి. తాళం కూడా వేసింది.

విమలగారు వచ్చి తలుపు తీయించారు. గదిలోకి బళ్ళు రావు కనక నడిచేవాళ్ళకి పచ్చదీపం ఆరడమే లేదు. పిల్లలు సంచులు తగిలించుకుని, వరసగా, ఈ గోడ నుంచి ఆ గోడకి దాటుతున్నారు.

"ఒక్కడికీ గీత పడలేదండి" అన్నాడు పోలినాయుడు గర్వంగా.

"మరి బడికెలా వెళ్తారయ్యా?" అన్నారు విమలగారు, గోడకి చేరగిలబడి.

"దానికి ఇంకో సిగ్నల్ కావాలండి. అవసరం సూపించమంటారేటి?"

ఆవిడ నోరు తెరిచేలోగా అవతల పైడితల్లి గేదెల్ని రోడ్డు మీదికి విప్పేసింది.